గంటకెంత, సుక్కమ్మా?

నార్కట్‌పల్లి అంగడి మొదలైనప్పటి నుంచి, గొంగడి కొనడానికి వచ్చినవాడు ధర పెంచమని బేరమాడటం ఎవరూ చూసి ఉండరు. ఆ వింత సుక్కమ్మకే దక్కింది.

"పద్దెనిమిది రూపాలు" అంది సుక్కమ్మ, గొంగడి మడత విప్పి చూపిస్తూ. పదిహేనుకు తెగినా చాలని ఆమె మనసులో మాట.

ఎదురుగా నిలబడ్డ యువకుడు ప్యాంటు వేసుకున్నాడు. చేతికి వాచీ, నెత్తి మీద వెడల్పు అంచుల టోపీ. గొంగడి అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, "గిది చానా తక్కువ" అన్నాడు.

"ఎక్కువంటున్నవా, తక్కువంటున్నవా?"

"తక్కువంటున్న. దీనికి ఉన్ని వడికింది నువ్వేనా?"

"కాదు. మా ఇంట్ల దయ్యం వడికింది."

"ఎన్ని గంటలు పట్టింది?"

"గంటలేంది? అంబలి తాగి రాట్నం ముంగట కూసుంటె కండ్లు గుంజేదాంక వడుకుత. గట్ల ఎన్ని దినాలో ఎవరికెరుక!"

అతను కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తూ ఏదో లెక్క కట్టాడు. "వడికినందుకు, నేసినందుకు కలిపి చూస్తె గంటకు అణా గూడ పడ్తలేదు. ఇరవై అయిదు చెప్పు, ఇస్త."

సుక్కమ్మకు ఒళ్లు మండింది. "ఓ టోపాయనా! ఎగతాళా? నువ్వు ధర్మం చేస్తె తీసుకునేటందుకు కూసున్ననా ఈడ? పద్దెనిమిదంటె పద్దెనిమిదే. అణా ఎక్కువిచ్చినా గొంగడియ్య."

"నేను గూడ ఇరవై అయిదుకు తక్కువియ్య."

జనం మూగారు. పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆయన, "ఆ ఏడు రూపాలు నాకిచ్చి పో బిడ్డా, ఇద్దరి లొల్లి తెగిపోతది" అన్నాడు. అందరూ నవ్వారు. సుక్కమ్మ మాత్రం నవ్వలేదు.

అప్పటిదాకా పొగాకు నములుతూ కూర్చున్న సుక్కమ్మ అవ్వ బాలనర్సమ్మ, కళ్లు చికిలించి ఆ టోపీ కిందికి తొంగి చూసింది. "ఓరి! నువ్వు గుర్వయ్య కొడుకువు కాదురా? ఐలేశానివి?"

"అవునమ్మమ్మా."

"ఏందే, మీ బావనే అట్ల తిడ్తున్నవ్?" అని మనవరాలి వీపు మీద ఒక్కటిచ్చింది అవ్వ.

పక్కూరి గుర్వయ్య కొడుకు, వరుసకు మేనబావ. చిన్నప్పుడెప్పుడో అతను చీమిడి ముక్కుతో ఉండగా చూసింది సుక్కమ్మ. నల్గొండలో మెట్రిక్ చదివాడనీ, ప్రభుత్వ గొర్రెల ఫారంలో స్టాక్‌మన్ ఉద్యోగం చేస్తున్నాడనీ, మిషనుతో ఉన్ని కత్తిరించడం నేర్చుకోవడానికి సర్కారు వాళ్లు ఏడాది పాటు ఆస్ట్రేలియా పంపారనీ విన్నది. నేర్చుకుని వచ్చాడు గానీ ఆ మిషను మాత్రం ఇంకా రాలేదు. అది అరవై రెండో సంవత్సరం మాట. నాకు తెలిసినంత వరకు ఆ మిషను ఇప్పటికీ దారిలోనే ఉంది.

ఇంతలో దారి తప్పిన మబ్బొకటి వచ్చి అంగడి మీద నాలుగు చినుకులు రాల్చింది. టోపీ అంచు నుంచి నీళ్లు సరిగ్గా ఐలేశం ముక్కు మీదికే కారాయి. సుక్కమ్మ ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చి, ఆ టోపీ తీసి అతని చేతిలో పెట్టి, గొంగడి మూల మడిచి నెత్తి మీద కప్పింది.

"మరిచిపోయినవా కప్పుకునుడు?"

"యాదికుంది. నువ్వు కప్పుతవేమో అని చూసిన."

పద్దెనిమిది రూపాయలకే కొన్నాడు. బేరంలో ఓడిపోయినవాడు అంత సంతోషంగా ఇంటికి పోవడం కూడా ఆ అంగడిలో అదే మొదలు.

* * *

ఆ తర్వాత ఐలేశం సైకిలుకు సుక్కమ్మ ఊరి దారి బాగా అలవాటైంది. వంక మాత్రం ప్రతిసారీ ఆమె తండ్రి బీరప్పతో గొర్రెల ముచ్చట. అతను వచ్చాడంటే బీరప్ప అరుగు నిండిపోయేది. ఎవరికైనా వినాలని ఉండదా, భూమికి అవతలి పక్క గొర్రెల కాపరులు ఎట్లా బతుకుతారో!

"పొద్దున ఏడున్నరకు మొదలు" అని చెప్పాడు ఐలేశం. "రెండు గంటలు పని, అర్ధగంట చాయ్. మల్ల రెండు గంటలు పని, తిండి. గట్ల మొత్తం ఎనిమిది గంటలు. టైము కాంగనె మిషను కింద పెడ్తరు. శనివారం, ఐతవారం సెలవు."

"గొర్రెలకు గూడ సెలవా?" అంది బాలనర్సమ్మ.

"నూరు గొర్రెలు కత్తిరిస్తె మన పైసల్ల ఎనభై రూపాలకు పైననే పడ్తది."

పక్కింటాయన పర్వతాలు నోట్లోంచి బీడీ జారిపోయింది. "ఎనభయ్యా! గా పైసలతోని మూడు గొర్రెలు కొనొచ్చు గదరా! మరి మందగల్లాయన ఊకుంటడా?"

"ఆయన గూడ వాచీ చూసుకొని ఊకుంటడు. ఇంకొక్క గొర్రె పట్టుండ్రి అననీకె ఆయనకు నోరు రాదు. నేను కండ్లార చూసిన." ఆ మాట చెప్పేటప్పుడు ఐలేశం మెడ నిటారుగా నిలిచింది. తాను చూసినదాని గురించి అతనికి గొప్ప గర్వం.

గడపలో రాట్నం తిప్పుతున్న సుక్కమ్మ చెయ్యి ఆపింది. "ఆడోళ్లకెంత?"

ఐలేశం గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్లను కత్తిరించే షెడ్డుల అడుగు పెట్టనియ్యరు. వేరే పనులల్ల ఉంటరు. కూలి... మగోళ్లకంటె తక్కువే."

"సముద్రం దాటినా గంతేనా?" సుక్కమ్మ నవ్వింది. "ఈడ జూస్తె మగోళ్లు మగోళ్లకు బదులు పోతరు. ఇయ్యాల నువ్వు నా మంద కత్తిరిస్తె రేపు నేను నీ మంద కత్తిరిస్త. మంచిదే. మరి మేం వడికినదానికి బదులెవరొస్తరు? ఆడ తక్కువ, ఈడ అసలుకే లేదు."

మగవాళ్లంతా మీసాల చాటున నవ్వుకున్నారు. ఐలేశం నవ్వలేదు. "నిజమే" అన్నాడు మెల్లగా. "నా తాన జవాబు లేదు."

ఆ దేశంలో ఆడవాళ్లకు బంగారం తూచి ఇస్తారని చెప్పినా ఈ ఊళ్లో పట్టుకునేవాళ్లు లేరు. అయినా అబద్ధం ఆడలేదు. సుక్కమ్మకు అతని మీద మనసు పడింది సరిగ్గా అప్పుడే. ఆ తర్వాత ఆమె వడికిన నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తుంటే బాలనర్సమ్మ చూసి కూడా ఏమీ అనలేదు.

గుర్వయ్య, బీరప్ప మాట అనుకున్నారు. వానలు పడకముందే రెండు ఇళ్ల మందలూ కత్తిరించుకోవాలి. అది కాగానే పిల్లల పెళ్లి ముచ్చట ఖాయం చేసుకోవాలి.

* * *

ముందు గుర్వయ్య మంద. బీరప్ప, పర్వతాలు, పెద్దమనిషి చెన్నయ్య, ఇంకా వాళ్ల ఊరి కురుమలు పొద్దు పొడవకముందే కత్తెరలతో వచ్చారు. ఉన్ని ఏరడానికి ఆడవాళ్లతో పాటు సుక్కమ్మ కూడా వచ్చింది.

ఐలేశం గొర్రె కాళ్లు కట్టలేదు. దాన్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, పొట్ట దగ్గర మొదలుపెట్టి ఉన్నిని ఒకే దుప్పటిలా వలిచి పక్కన పెట్టాడు. ముసలి చెన్నయ్య తన గొర్రెను వదిలేసి వచ్చి చూశాడు. రెండు గంటలకోసారి ఐలేశం వాచీ చూసి "రెస్టు!" అని అరిచేవాడు. మొదటిసారి అందరూ నవ్వారు. రెండోసారి ముందే కత్తెరలు కింద పెట్టి, నడుములు పట్టుకుని నీడకు పోయారు. సుక్కమ్మ ఎవరూ చూడకుండా గర్వపడింది. మా బావ అనుకుంది మొదటిసారి.

సాయంత్రం చివరి గొర్రెను వదిలాక, అన్నాలు పెట్టకముందే ఐలేశం లేచి నిలబడ్డాడు. జేబులోంచి కొత్త నోట్లు తీశాడు. ఒక్కొక్కరి చేతిలో అయిదు రూపాయల నోటు పెట్టుకుంటూ వచ్చాడు. రోజు కూలి రూపాయిన్నర దాటని కాలం అది. అతని ముఖం వెలిగిపోతోంది.

బీరప్ప దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలోనూ పెట్టాడు.

బీరప్ప ఆ నోటును కాసేపు చూశాడు. వెళ్లి ఉన్ని కుప్ప మీద పెట్టి, గాలికి పోకుండా దాని మీద రాయి పెట్టాడు. ఆయన వెనకాలే చెన్నయ్య, పర్వతాలు, తక్కినవాళ్లు. అన్ని నోట్లూ ఆ రాయి కిందికే చేరాయి.

"బావా, పిల్లగానికి తెల్వదు" అన్నాడు గుర్వయ్య.

"తెల్వకేం బావా? పెద్ద దేశం చూసొచ్చిండు. కూలోళ్లను పిలిచిండు, కూలిచ్చిండు. కూలోని బిడ్డను చేసుకునేటందుకు ఆయనకేం అక్కర?" బీరప్ప తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "మా మంద కాడికి మీరు రానవసరం లేదు. లెక్క తెగింది. ఆ ముచ్చట గూడ తెగింది."

అన్నం ముట్టకుండా అందరూ కదిలారు. సుక్కమ్మ ఉన్ని అంటిన చేతులు కడుక్కునే వంకతో వాగు దగ్గర ఆగింది. ఐలేశం పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం తప్పు చేసిన సుక్కమ్మా? కష్టానికి పైసలిచ్చుడు తప్పా?"

"మా బాపు చేతుల పైసలు వెడ్తవా?"

"మా తాత ఏటేట దొర గడీకి గొంగడి కట్టిండు, గొర్రె కట్టిండు, దొర మంద కత్తిరించిండు. ఒక్క పైస ఇయ్యలే. మా బాపు చెప్పులు చేత పట్టుకొని గడీ ముంగట నిలవడ్డది నేను చూసిన. పైసలియ్యకుండ పని చేయించుకునుడంటె నాకదే యాదికొస్తది. నా ఇంట్ల గట్ల జరగొద్దనుకున్న."

అతని కళ్లలో నీళ్లున్నాయి. సుక్కమ్మ కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగిలిన సగం దిగనివ్వలేదు.

"వెట్టి మాకు తెల్వదా? మా అవ్వ గూడ గడీకి ఉన్ని వడికింది. గని ఒక్కమాట చెప్పు. దొర ఎన్నడన్న వచ్చి మీ తాత మంద కత్తిరించిండా?"

"...లే."

"మా బాపు మంద కాడికి మీ బాపు ఏటేట వస్తడు. ఈయన గొర్రె కాడ ఆయన వంగుతడు, ఆయన గొర్రె కాడ ఈయన వంగుతడు. ఎవరు దొర? ఎవరు కూలోడు? నువ్వు పైసలిచ్చి ఒకణ్ణి నిలవెట్టినవ్, ఒకణ్ణి వంగవెట్టినవ్."

ఐలేశం నీళ్లలో కాలు పెట్టినవాడు పెట్టినట్టే నిలబడిపోయాడు. సుక్కమ్మ వెనక్కి చూడకుండా నడిచింది. వెనక్కి చూస్తే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు. చూడకపోయినా వచ్చింది.

ఇంటికి వచ్చాక బీరప్ప ఒకే మాట అన్నాడు. "మన మంద కత్తిరింపు కాంగనె చిట్యాల దిక్కు సంబంధం చూడనీకె పోత."

* * *

బీరప్ప మంద కత్తిరించే నాటికి మబ్బులు ముదిరాయి. ఉన్ని తడిస్తే మంద రోగాల పాలవుతుంది. గుర్వయ్య ఇంటివాళ్లు లేకపోవడంతో చేతులు చాలేలా లేవు. ఆ ఇంటివైపు కబురు పెట్టమని చెన్నయ్య అంటే బీరప్ప వినలేదు.

తెల్లవారుతుండగా దొడ్డి వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. ప్యాంటు లేదు, టోపీ లేదు. పంచె ఎగ్గట్టి, భుజాన ఆ పద్దెనిమిది రూపాయల గొంగడి వేసుకుని, నడుముకు కత్తెర దోపుకుని ఐలేశం. కొంచెం వెనకగా, తల దించుకుని గుర్వయ్య.

"ఎందుకొచ్చినవ్? కూలికా?" అన్నాడు బీరప్ప. "నీకిచ్చేటన్ని పైసలు నా తాన లేవు."

"కూలికి కాదు మామా. బదులుకు."

"కూలిచ్చినంక బదులు యాడిది?"

ఐలేశం కదలకుండా నిలబడ్డాడు. తూర్పున ఉరిమింది. బీరప్ప ముఖం తిప్పుకుని గొర్రెల వైపు అడుగేశాడు.

మగవాళ్ల కత్తిరింపు జాగాలో ఆడపిల్ల నోరెత్తే ఆనవాయితీ లేదు. ఇప్పుడు ఎత్తకపోతే ఇక బతుకంతా ఎత్తినా లాభం లేదని సుక్కమ్మకు అర్థమైంది. ఉన్ని గంప కింద పెట్టింది.

"బాపూ, ఆనాడు నువ్వు ఆ పైసలు తీసుకున్నవా?"

"నేనెందుకు తీసుకుంటనే? రాయి కింద పెట్టొచ్చిన. అందరూ చూసిన్రు."

"మరి కూలి తీసుకోకపోతె నువ్వు చేసింది బదులే గద? బదులే అయితె ఆ ఇంటోళ్లు మనకు ఒక దినం బాకీ ఉన్నట్టే గద? బాకీ తీర్చనీకె వచ్చినోణ్ణి వాకిట్ల నిలవెడ్తరా ఎవరన్న?"

చెన్నయ్య ముందు నవ్వాడు. ఆ నవ్వు పర్వతాలుకు అంటుకుంది. "బీరప్పా, పిల్ల అడిగిందాంట్ల తప్పేమున్నది? ఆ పైసలు మనమెవ్వరం ముట్టలే" అన్నాడు చెన్నయ్య.

బీరప్ప కూతురిని పైనుంచి కిందిదాకా చూశాడు. ఈ పిల్ల ఎప్పుడు ఇంత ఎదిగిందా అన్నట్టు చూశాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "గొర్రెను పట్టు" అన్నాడు.

ఆ పూట అందరికంటే ఎక్కువ గొర్రెలు ఎవరు కత్తిరించారో చెప్పనక్కర్లేదు. పొద్దెక్కాక బీరప్ప నడుము నిటారు చేసి, ఎటో చూస్తూ, "రెండు గంటలైనట్టుంది. ఏమంటది నీ వాచీ?" అన్నాడు. ఐలేశం చటుక్కున మొలలో దోపుకున్న వాచీ తీశాడు. "అయింది మామా. రెస్టు!"

చివరి గొర్రె లేచి ఒళ్లు విదిలించుకోగానే వాన దిగింది. గుర్వయ్య, బీరప్ప ఒకే గొంగడి కింద దూరి కల్లు తాగారు. చూరు కింద నిలబడ్డ సుక్కమ్మ పక్కకు ఐలేశం వచ్చాడు.

"నీ బాకీ తీరింది ఇగ" అంది సుక్కమ్మ.

"తీరలే. ఇంకొకటున్నది. రేపొస్త."

* * *

మర్నాడు వచ్చాడు. బీరప్పను కలవలేదు, అరుగు మీద కూర్చోలేదు. సరాసరి గడపలోకి వచ్చి, సుక్కమ్మ రాట్నం ముందు చతికిలబడ్డాడు.

కురుమ మగవాడు నేస్తాడు, కత్తిరిస్తాడు, మంద వెంట కొండలెక్కుతాడు. రాట్నం ముట్టడు. వీధి వీధంతా వచ్చి గుమిగూడింది. పర్వతాలైతే నవ్వలేక గోడ పట్టుకున్నాడు.

ఐలేశం చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేవలేదు. "నవ్వుండ్రి. ఆడోళ్లు వడికినదానికి బదులెవరొస్తరని సుక్కమ్మ అడిగింది. ఆ దేశంల గూడ దానికి జవాబు దొరకలే. అందుకే నేనొచ్చిన."

నూలు తెగింది. అతికించాడు. మళ్లీ తెగింది. వచ్చిన నాలుగు బారలూ తాడంత లావు ఒకచోట, వెంట్రుకంత సన్నం ఒకచోట. సుక్కమ్మ ఎదురుగా కూర్చుని, పని లేని తన చేతులను ఒళ్లో పెట్టుకుని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతులు పగటిపూట ఖాళీగా ఉండటం ఆమె ఎరగదు.

"ఇయ్యాల ఒక్క దినమేనా?" అంది మెల్లగా.

"బతికినన్ని దినాలు. నువ్వంటె నాకు పానం సుక్కమ్మా. నీకు ఇష్టమైతెనే."

"కూలి?"

"లేదు. బదులే. నీ పనికి నేను, నా పనికి నువ్వు."

"మరి ఆ దేశపోళ్ల మాట ఒకటి నాకు నచ్చింది" సుక్కమ్మ గడ్డం ఎత్తింది. "ఎనిమిది గంటలు దాటినంక రాట్నం ముట్ట. మీ అమ్మ చెప్పినా ముట్ట, నువ్వు చెప్పినా ముట్ట. టైము ఎవరు చూస్తరు?"

ఐలేశం వాచీ విప్పాడు. అందరి ముందూ ఆమె మణికట్టుకు కట్టాడు. పట్టీ వదులైతే పక్క రంధ్రానికి బిగించాడు. ఆ ఊళ్లో ఆడపిల్ల చేతికి వాచీ ఎక్కడం అదే మొదలు. సుక్కమ్మ చెయ్యి దించలేదు, దాచలేదు. అందరికీ కనిపించేలా మోకాలి మీద పెట్టుకుంది.

బీరప్ప జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ఐలేశం వడికిన నూలు చేతిలోకి తీసుకున్నాడు. సాగదీసి చూశాడు. "గిసొంటి నూలు నా బతుకుల చూడలే" అన్నాడు. ఐలేశం తల దించుకున్నాడు. బీరప్ప ఆ నూలును జాగ్రత్తగా చుట్ట చుట్టి నడుముకు దోపుకున్నాడు. "పెండ్లి గొంగడి అంచుకేస్త. నా అల్లుడు వడికిండని నలుగురికి కనపడాలె."

శ్రావణంలో పెళ్లి జరిగింది. కొత్త గొంగడి పరిచి పిల్లనూ పిల్లగాడినీ కూర్చోబెట్టారు. అంచు మీద ఒకచోట గడ్డలు గడ్డలుగా, వంకర టింకరగా ఆ నూలు. వచ్చినవాళ్లందరూ అడిగారు, బీరప్ప అందరికీ చెప్పాడు. అడగనివాళ్లకు కూడా చెప్పాడు.

తలంబ్రాల సందట్లో సుక్కమ్మ వేలితో ఆ అంచును తడిమింది. "బావా, గిది చానా తక్కువకు వడికినట్టున్నవ్. గంటకెంత పడ్డది?"

ఐలేశం అలవాటుగా తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. అక్కడ పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"నాకేం ఎరుక? వాచీ నీ తాన ఉన్నది. నువ్వే చెప్పాలె."